నిన్న రాత్రి ఏమైందో మీకు ఎవరు చెప్పారు?

(ఉద్యోగం చేస్తూ ఎంబీఏ చదువుతున్నవాళ్ల కోసం గాజువాకలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ముందు రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి. రండి బాబూ. చూశారా, ఒక్కరూ కదల్లేదు. ముందు వరస పెద్దవాళ్లదని మనకి చిన్నప్పటినుంచీ ఒంట్లో ఉండిపోయింది. సరే, ఇవాళ మాట్లాడబోయేది కూడా దీని గురించే, కాబట్టి మీరు కదలకపోయినా నాకు లాభమే.

బ్యానర్ మీద ‘ఆధునిక సంస్థలలో నాయకత్వ సిద్ధాంతం, ఆచరణ’ అని రాశారు. అది చదివితే నాకే టెన్షన్ వచ్చింది. నేను ప్రొఫెసర్ని కాదండీ. ఇరవై రెండేళ్లు బల్క్ డ్రగ్ కంపెనీల్లో, అంటే మందుల ముడిసరుకు తయారుచేసే చోట, ప్రొడక్షన్ చూశాను. కెమిస్టుగా చేరాను, షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ అయ్యాను, చివరికి ప్లాంట్ మేనేజర్‌గా బయటికొచ్చాను. ముప్ఫై ఎనిమిదో ఏట మీలాగే డ్యూటీ చేసుకుంటూ ఎంబీఏ చదివాను. సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, దిగి, ఇంటికెళ్లి స్నానం చేసి, నిద్ర కళ్లతో క్లాసులో కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మీలో ఇద్దరు ఇప్పుడే కునుకు తీస్తున్నారు, నేనేమీ అనుకోను.

ఒక కథతో మొదలుపెడతాను. కథ అంటే నా తప్పు. కంపెనీ పేరు చెప్పను, అడగొద్దు.

ఒక ప్రొడక్టులో వరసగా మూడు బ్యాచ్‌లు ఫెయిలయ్యాయి. క్యూసీ రిపోర్టులో, అంటే నాణ్యత పరీక్షలో, ఇంప్యూరిటీ లిమిట్ దాటింది. బీఎంఆర్, అంటే బ్యాచ్ తయారీ రికార్డు పుస్తకం, తీసి చూస్తే టెంపరేచర్లన్నీ చక్కగా ఉన్నాయి, 63, 64, 64, 63. ముత్యాల్లా ఉన్నాయి. మీలో ఫార్మా వాళ్లెవరైనా ఉన్నారా? చేతులెత్తండి. ఆ... మీకు ఈపాటికే అర్థమైపోయి నవ్వుతున్నారు. అంత చక్కగా ఉన్న అంకెల్ని నమ్మకూడదని నాకూ తెలిసుండాల్సింది. తెలియలేదు. ఇన్వెస్టిగేషన్ చేశాం, రా మెటీరియల్ మీద అనుమానపడ్డాం, సాల్వెంట్ మీద పడ్డాం, ఏమీ దొరక్క ఆఖరికి అందరూ రాసేదే రాశాం. ‘హ్యూమన్ ఎర్రర్, రీట్రైనింగ్ ఇవ్వడమైనది.’ సంతకం నాది.

అసలు సంగతి మూడో బ్యాచ్ పోయిన తర్వాత టీ కొట్టు దగ్గర తెలిసింది. ఒక కాంట్రాక్ట్ హెల్పర్, వయసులో నాకంటే పెద్దాయన, మాటల్లో మాటగా అనేశాడు. ఆ రియాక్టర్, అంటే మందు తయారయ్యే పెద్ద పాత్ర, దాని స్టీమ్ వాల్వ్ పాసింగ్ ఉందట. కట్టేసినా స్టీమ్ లోపలికి పోతూనే ఉందట. టెంపరేచర్ డెబ్బై దాటితే కుర్రాడు కంగారుగా చిల్డ్ వాటర్ తిప్పి దించుతున్నాడు, పుస్తకంలో మాత్రం 64 అని రాస్తున్నాడు. ఎన్నాళ్లనుంచి? నెలరోజులు. ఎంతమందికి తెలుసు? షిఫ్టులో అందరికీ. నాకు తప్ప.

“మరి నాకెందుకు చెప్పలేదయ్యా?” అనడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టి, “సెప్తే ఏటవుద్ది సార్? ఆ మజ్జెన గాస్కెట్ లీకవుతోందని సెప్పిన కుర్రోడ్ని అందరి ముందూ తిట్టేసేరు కదా. అప్పట్నించీ ఎవుడూ సెప్పడం మానీసేడు” అన్నాడు.

తిట్టిన మాట నాకు గుర్తే లేదు. వాళ్లందరికీ గుర్తుంది.

ఇంకో ముక్క కూడా చెప్పాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎంబీఏలో ఆర్గనైజేషనల్ బిహేవియర్ పరీక్ష రాశాను. లీడర్‌షిప్ స్టైల్స్ వివరించమని ఇరవై మార్కుల ప్రశ్న. నాలుగు గళ్లు గీసి, బాణాలు పెట్టి, పేర్లు కింద గీతలు కొట్టి రాశాను. పదిహేడు వచ్చాయి. పదిహేడు! పరీక్షలో నేను డెమోక్రటిక్ లీడర్‌ని, ప్లాంట్‌లో నా రియాక్టర్ సంగతి నాకే తెలియదు.

అప్పట్నించి ఈ సిద్ధాంతాలన్నీ వేరే కళ్లతో చదవడం మొదలెట్టాను. ఏ సిద్ధాంతం చదివినా ఒక్కటే అడిగేవాణ్ని: ఇది చదివితే ఆ స్టీమ్ వాల్వ్ సంగతి నాకు తొందరగా తెలిసేదా? ఈ ప్రశ్న దగ్గర చాలా పెద్ద పెద్దవి నిలబడవు. కొన్ని నిలబడతాయి. నాకు నిలబడ్డవాటి గురించే చెబుతాను, మిగతావి మీ సిలబస్‌లో ఎలాగూ ఉన్నాయి.

మొదట్లో అంతా గొప్ప మనుషుల గోలే. 1840లో లండన్‌లో థామస్ కార్లైల్ అనే ఆయన వరసగా ఉపన్యాసాలిచ్చాడు, ప్రపంచ చరిత్ర అంటే గొప్పవాళ్ల చరిత్రే అని. పుట్టుకతోనే నాయకుడు అనే మాట మన ఊళ్లలో ఇప్పటికీ వింటాం కదా, ‘ఆడి రక్తంలోనే ఉంది’ అని, అదే సరుకు. తర్వాత ఆ రక్తంలో ఏముందో కొలుద్దామని బయల్దేరారు. ఎత్తు, తెలివి, మాటకారితనం, ఆత్మవిశ్వాసం, అన్నీ కొలిచారు. 1948లో స్టాగ్డిల్ అనే ఆయన అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ ముందేసుకుని చూసి తేల్చిందేమిటంటే, ఫలానా గుణాలుంటే చాలు ఎక్కడైనా నాయకుడైపోతాడని చెప్పలేం, పరిస్థితిని బట్టి ఉంటుంది అని. అయినా మన ప్రమోషన్ ఇంటర్వ్యూల్లో ఇంకా గుణాలే వెతుకుతున్నాం. గట్టిగా మాట్లాడేవాడికి మార్కులు వేస్తున్నాం. అవునా కాదా?

దాని తర్వాత పరిస్థితి సిద్ధాంతాలు వచ్చాయి. ఫీడ్లర్, హెర్సీ, బ్లాంచార్డ్, వాళ్ల గళ్లూ బాణాలూ. కొత్తగా వచ్చినవాడికి చేయి పట్టి చూపించు, పని వచ్చినవాడికి వదిలెయ్. బాగుంది. ఈ మాట మా మేస్త్రీ కూడా చెబుతాడు. ముందుకెళ్దాం.

కాస్త ఆగాల్సింది కర్ట్ లెవిన్ దగ్గర. పరీక్షలకి మీరంతా బట్టీ పట్టే మూడు పేర్లు, ఆటోక్రటిక్, డెమోక్రటిక్, లెస్సే ఫేర్, ఇవి ఎక్కడివో తెలుసా? 1930ల చివర్లో అమెరికాలో, అయోవాలో, పదేళ్ల పిల్లల క్లబ్బుల్లోంచి వచ్చాయి. లెవిన్, లిప్పిట్, వైట్ కలిసి 1939లో అచ్చేశారు. పిల్లలు మాస్కులు తయారుచేస్తుంటారు, ఒక్కో గుంపుకి ఒక్కో రకం పెద్దాయన. ఒకాయన అన్నీ తనే ఆర్డర్లేస్తాడు, ఒకాయన కూర్చోబెట్టి అడిగి చేయిస్తాడు, ఒకాయన పట్టించుకోడు. మీరు బట్టీ పట్టింది ఇంతవరకే. మీ నోట్సులో ఉండని ముక్క ఒకటుంది. మధ్యలో ఆ పెద్దాయన గదిలోంచి బయటికి వెళ్లిపోతాడు. ఆర్డర్లేసే ఆయన గుంపులో, ఆయన గుమ్మం దాటగానే పని చతికిలబడింది. కూర్చోబెట్టి అడిగిన ఆయన గుంపులో, ఆయన ఉన్నా లేకపోయినా పని సాగింది.

ఇది చదివినప్పుడు నాకు నా సి షిఫ్టే గుర్తొచ్చింది. పగలు నేను ప్లాంట్‌లో ఉన్నప్పుడు ఎవరు ఎంత బాగా పనిచేస్తున్నారో చూసి ఏం లాభం? నేను ఇంట్లో పడుకున్నప్పుడు రాత్రి రెండు గంటలకి ఏం జరుగుతోందో అదీ నా లీడర్‌షిప్. పదేళ్ల అమెరికా పిల్లల మీద చేసిన ప్రయోగాన్ని తెచ్చి మన ఆపరేటర్ల మీద రుద్దడం ఏమిటని ఎవరైనా అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ గుమ్మం దాటడం మాత్రం నేను మర్చిపోలేదు.

రెండోది ఏమీ ఎడ్మండ్‌సన్. ఏమీ అనేది ఆవిడ పేరు, నవ్వకండి. హార్వర్డ్‌లో ప్రొఫెసర్. ఆవిడ చదువుకునే రోజుల్లో ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్ల మీద పనిచేసింది. మంచి టీములో పొరపాట్లు తక్కువుంటాయని ఆవిడ అనుకుంది. మీరైనా అదే అనుకుంటారుగా? లెక్కలు తిరగబడి వచ్చాయి. మంచి టీములు అని తేలిన వార్డుల్లోనే పొరపాట్లు ఎక్కువున్నాయి! తలపట్టుకుని ఆలోచిస్తే అర్థమైంది, వాళ్లు ఎక్కువ తప్పులు చెయ్యడం లేదు, చేసిన తప్పుల్ని ఎక్కువగా చెబుతున్నారు. మిగతా వార్డుల్లో తప్పులు మంచం కింద దాగున్నాయి. ఆ తర్వాత 1999లో ఒక తయారీ కంపెనీలో 51 టీముల మీద పనిచేసి ‘సైకలాజికల్ సేఫ్టీ’ అనే మాటని గట్టిగా నిలబెట్టింది. ఈ టీములో నోరు విప్పితే నా పరువు పోదు, నన్ను ఎవరూ వెక్కిరించరు అనే నమ్మకం. అంతే.

ఇక్కడున్న మేనేజర్లని ఒకటి అడుగుతాను. మీ డిపార్ట్‌మెంట్‌లో పోయిన నెల డీవియేషన్లు, అంటే పద్ధతి తప్పిందని పనివాళ్లు రాసి చెప్పినవి, ఎన్ని? సున్నా అని గర్వంగా చెప్పేవాళ్లుంటే, మీరు బాగా చేస్తున్నారో, మీకు చెప్పడం మానేశారో ఒకసారి చూసుకోండి. నాకూ ఆ నెలంతా సున్నాయే.

ఇప్పుడు మన తెలుగు నేల మీద జరిగిన రెండు సంగతులు చెబుతాను. రెండూ మీకు తెలిసినవే, కానీ పక్కపక్కన పెట్టి చూడండి.

1979 ఆగస్టు 10, శ్రీహరికోట. ఉపగ్రహాన్ని మోసుకెళ్లే ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ మొదటి ప్రయోగం. మిషన్ డైరెక్టర్ కలాం గారు. ఆఖరి నిమిషంలో కంప్యూటర్ ఆపేసింది, కంట్రోల్ సిస్టంలో తేడా ఉంది, వెళ్లొద్దు అని. నిపుణులు పర్లేదన్నారు. కలాం గారు కంప్యూటర్‌ని పక్కనపెట్టి వదిలారు. రెండో దశలో అదుపు తప్పింది, రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ఈ మాట ఆయనే చాలా సభల్లో చెప్పుకున్నారు, దాచుకోలేదు. ఆ రోజు గదిలో చెడ్డ కబురు చెప్పింది కంప్యూటర్ ఒక్కటే, గమనించారా? దానికి తిట్లంటే భయం లేదు.

తర్వాత విలేఖరుల ముందుకి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ గారు తనే వెళ్లారు. మేం ఫెయిలయ్యాం, నా టీం మీద నాకు నమ్మకముంది, వచ్చేసారి సాధిస్తాం అని చెప్పారు. 1980 జులై 18న మళ్లీ వదిలారు, రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఆ రోజు ధావన్ గారు కలాం గారితో, ప్రెస్ దగ్గరికి నువ్వెళ్లు అన్నారు. దీన్ని అందరూ పెద్దమనసు కథగా చెబుతారు. పెద్దమనసే, కాదనను. కానీ నేను ప్లాంట్ వాణ్ని, నాకు ఇంకోటి కనబడుతుంది. మొదటి రోజు పైనున్నాయన వేలెత్తి చూపించి ఉంటే, తర్వాత జరిగిన రివ్యూల్లో ఏ వాల్వు లీకైందో, ఎవరు చూసీ చెప్పలేదో, ఎవరైనా నోరు విప్పేవాళ్లా? ఆ విలేఖరుల సమావేశం నా లెక్కలో మరమ్మతు పని. పదకొండు నెలల్లో మళ్లీ ఎగరాలంటే నిజాలు బయటికి రావాలి కదా.

రెండోది హైదరాబాద్, 2009 జనవరి 7. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు గారు బోర్డుకి ఉత్తరం రాశారు. లెక్కల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవని. ఏళ్ల తరబడి పెరిగిన అబద్ధమని. పులి మీద స్వారీ చేస్తున్నట్టుంది, దిగితే తినేస్తుంది, ఎలా దిగాలో తెలియలేదని ఆయనే రాశారు. కంపెనీలో యాభై వేల మందికి పైగా పనిచేస్తున్నారు. మా బంధువుల్లో కూడా ఉన్నారు, ఆ సంక్రాంతి మా ఇళ్లలో ఎలా గడిచిందో మీకు చెప్పక్కర్లేదు. ఇందులో మన బ్యానర్‌కి సంబంధించిన ముక్క ఏమిటంటే, ఆ బోర్డులో ఉత్తరానికి కొద్దిరోజుల ముందు దాకా పేరున్న మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్లు డైరెక్టర్లుగా ఉన్నారు. అంతకు కొన్ని నెలల ముందే, 2008లో, కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. సిద్ధాంతానికి కొరత ఉందా? లేదు. బోర్డు గది ఉంది, పుస్తకం ఉంది, అవార్డు ఉంది. చెడ్డ కబురు పైకొచ్చే దారి మాత్రం లేదు, లేదా పైనే మూసేశారు.

అబద్ధం అంత పెద్దదైతే పేపర్లో వస్తుంది, నా 64 డిగ్రీలు బీఎంఆర్‌లోనే ఉండిపోతాయి. నాకైతే జాతి ఒక్కటే అనిపిస్తుంది.

సరే, ఇప్పుడు మీలో కొందరు అనుకుంటున్నారు, ఈయన చెప్పేదంతా మెత్తగా ఉండమనే, మా వాళ్ల దగ్గర మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారు అని. అనుకుంటున్నారా లేదా? నిజం చెప్పండి. మూడో వరసలో ఆ అన్నయ్య తలూపారు, థాంక్స్ అండి. దీనికి జవాబు అమెరికా పుస్తకాల్లో నాకు దొరకలేదు. పట్నాలో దొరికింది. జై బీపీ సిన్హా అని సైకాలజీ ప్రొఫెసర్, పట్నాలో పనిచేశారు. 1980లో ఆయన ‘నర్చురెంట్ టాస్క్ లీడర్’ అనే ఆలోచన మీద పుస్తకం రాశారు. మన సిలబస్సుల్లో ఈయన ఉంటే ఒక పేరాలో ఉంటారు, లేకపోతే లేరు, అదొక బాధ నాకు.

ఆయన చెప్పింది సింపుల్‌గా ఇది. మన దగ్గర పనివాడు పైవాడి నుంచి ఆదరణ కోరుకుంటాడు, ఒక ఇంటిపెద్ద దగ్గర కోరుకున్నట్టు. చేరిన మొదటి రోజే ‘నీ అభిప్రాయం ఏమిటి, మనమంతా సమానం’ అంటే ఈయనకేమీ తెలీదు కాబోలు, మనల్ని అడుగుతున్నాడు అనుకుంటాడు. అలాగని కర్ర పట్టుకుని నిలబడితే నీ ముందు పనిచేసి వెనకాల మానేస్తాడు. కాబట్టి ముందు ఆదరణ చూపించు, వాడి పిల్ల పెళ్లి, వాళ్లమ్మ ఆపరేషను, అన్నీ పట్టించుకో, కానీ ఆ ఆదరణని పనితో ముడిపెట్టు. పని చేసేవాడికి దగ్గరవుతూ, వాడు పట్టు సాధించే కొద్దీ నిర్ణయాలు వాడికి వదులుతూ పో. నా అనుభవంలో ఇది పనిచేసింది. కానీ జాగ్రత్త, ‘ఇంటిపెద్ద’ అన్న మాట వింటే మనవాళ్లకి ఎక్కడలేని హుషారొస్తుంది. ఇంటిపెద్ద ముందు పిల్లలు తప్పు ఒప్పుకుంటారా, దాచుకుంటారా? మా నాన్నగారి గ్లాసు పగలగొట్టి నేను నూతిలో పడేశాను. ఆదరణ వేరు, భయంతో కూడిన భక్తి వేరు, ఈ రెంటి మధ్య గీత సన్నగా ఉంటుంది. సిన్హా గారి ఆలోచనలో నాకింకా పూర్తిగా తేలని చోటు అదే.

మరి నేనేం చేశాను? పెద్దగా ఏమీ చెయ్యలేదు. షిఫ్ట్ హ్యాండోవర్ పది నిమిషాలు జరుగుతుంది కదా, అందులో మొదటి మాట నాది పెట్టుకున్నాను, నిన్న నేను ఏం తప్పు చేశానో చెప్పడం. ఫలానా ఇండెంట్ లేటుగా పెట్టాను, అందుకే మీకు గ్లవ్స్ రాలేదు, ఇలాంటివి. మొదటి రెండు వారాలు అందరూ నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు. మూడో వారంలో ఆ టీ కొట్టు పెద్దాయనే ముందు నోరు విప్పాడు, సెంట్రిఫ్యూజ్ సౌండ్ మారింది సార్ అని. ఆపి చూస్తే బేరింగ్ పోతోంది. ఆయన్ని పొగడలేదు, స్వీటు పంచలేదు, వెంటనే మెయింటెనెన్స్ వాళ్లని పిలిచాను, ఆయన ముందే పిలిచాను. అది ముఖ్యం. చెప్పిన మాటకి పని జరిగిందని కళ్లారా చూడాలి.

64 రాసిన కుర్రాడి సంగతి కూడా అడుగుతారుగా. తప్పుడు రికార్డు చిన్న విషయం కాదండీ, అది తినే మందు. వార్నింగ్ లెటర్ ఇచ్చాం. అదే ఫైల్లో ఆ రీట్రైనింగ్ కాగితం మీద నా సంతకం తప్పని నేనూ రాసిచ్చాను. మా పైవాళ్లకి అది నచ్చలేదు, ఆ సంవత్సరం నాకు ఇంక్రిమెంట్ సగమే పడింది. వాల్వు మార్పించిన తర్వాత ఆ కుర్రాడికి మళ్లీ అదే రియాక్టర్ ఇచ్చాను. సత్య నాదెళ్ల గారు హైదరాబాద్‌లో క్రికెట్ ఆడే రోజుల సంగతి ఒకటి చెబుతారు. ఈయన బౌలింగ్ బాగా పడకపోతే కెప్టెన్ బంతి తీసుకుని, తనే వికెట్ తీసి, మళ్లీ బంతి ఈయనకే ఇచ్చేశాడట. ఎందుకిచ్చాడో ఇప్పటికీ తలుచుకుంటానంటారు. నేను అప్పటికి ఆ కథ వినలేదు. ఆ కుర్రాణ్ని తీసేస్తే మిగతావాళ్లు ఇంకెప్పుడూ నోరు విప్పరని మాత్రం తెలుసు.

అన్నీ బాగయ్యాయని చెప్పను. ఒకతను దీన్ని బాగా వాడుకున్నాడు, రోజూ వచ్చి తప్పు ఒప్పుకోవడం, రేపు మళ్లీ అదే తప్పు. ఒప్పుకుంటే సరిపోతుందనుకున్నాడు. అతన్ని వేరే బ్లాకుకి మార్చాల్సి వచ్చింది.

ఇంకో రెండు నిమిషాలు. మా పిన్ని పల్లెటూళ్లో డ్వాక్రా గ్రూపులో మొదటి లీడర్‌గా చేసింది. మొదటి లీడర్, రెండో లీడర్ అని ఉంటారు, మీ ఇళ్లలో ఆడవాళ్లకి తెలుసు. నేలమీద గుండ్రంగా కూర్చుంటారు, పొదుపు ఎంత, అప్పు ఎంత, ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు, అందరి ముందూ పైకి చదివి పుస్తకంలో రాస్తారు. ఈ నెల వాయిదా కట్టలేనని ఒకావిడ చెప్పాలంటే ఆ గుండ్రంలోనే చెప్పాలి. కొన్నాళ్లకి లీడర్లు మారాలని పద్ధతి. అక్కడా రాజకీయాలున్నాయి, మా పిన్ని కూడా ఆ పుస్తకం ఇంకొకరికి ఇవ్వడానికి ఆర్నెల్లు నానా తిప్పలు పెట్టింది. కానీ కుర్చీలు లేవు, ముందు వరస లేదు. మన మీటింగ్ హాలులో ఆ పొడుగు టేబుల్ చివర ఎవరు కూర్చుంటారో ఒకసారి గుర్తుచేసుకోండి.

ఇందాక ఒకబ్బాయి చీటీ పంపాడు. ‘సార్, మా బాసే అరిచే రకం, నేను జూనియర్‌ని, నేనేం చెయ్యగలను?’ మంచి ప్రశ్న, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నీ కింద ఎవరైనా ఉన్నారా? ఇద్దరు ట్రైనీలా? అయితే ఆ ఇద్దరితో మొదలుపెట్టు. పైకి చెప్పాల్సి వస్తే చెడ్డ కబురుని ఒంటరిగా, అంకెలతో, కాగితం మీద, పొద్దున్నే చెప్పు, సాయంత్రం మీటింగులో పదిమంది ముందు చెప్పకు. అయినా అరిస్తే అరుస్తాడు. రికార్డులో మాత్రం 64 రాయకు బాబూ.

సి షిఫ్ట్ బస్సు తొమ్మిదింటికంటున్నారు, వెళ్లాల్సినవాళ్లు వెళ్లండి. మిగిలినవాళ్లు బయట టీ దగ్గరికి రండి, అక్కడ మాట్లాడుకుందాం. కుర్చీలు మాత్రం లేవు.